పెట్టె అందరిదీ ఒకటే, వేలమే వేరు

(సొంత వెబ్‌సైట్లు నడుపుతున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది సైట్లు నడుపుతున్నవాళ్లే. "యాడ్‌సెన్స్ కన్నా మేం ఎక్కువ ఇస్తాం, మా కోడ్ పెట్టి చూడండి" అని ఏదో ఒక కంపెనీ నుంచి మెయిల్ వస్తూనే ఉంటుంది. యాడ్‌సెన్స్ అంటే మన సైట్లలో యాడ్‌లు వేసి, వచ్చిన డబ్బులో వాటా ఇచ్చే గూగుల్ పథకం. ఆ మెయిల్‌లో ఏ మాట నమ్మాలి, ఏది పక్కన పెట్టాలి అన్నదే ఇవాళ్టి విషయం. అందుకు ముందు ఈ వ్యాపారంలో ఎవరు ఎవర్ని చూసి ఏం నేర్చుకున్నారో కొంచెం తెలుసుకోవాలి.

పేజీలో ఏముందో యంత్రం చదివి దానికి తగ్గ యాడ్ పక్కన వేయడం గూగుల్ కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అబౌట్.కామ్ అనే సైటు యజమాని ప్రైమీడియా దగ్గర స్ప్రింక్స్ అనే విభాగం ఉండేది. సబ్జెక్టు పేజీలకు తగ్గ పెయిడ్ లింకులు అమ్మే పని అది గూగుల్ కన్నా ముందే చేసింది. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో అప్లైడ్ సెమాంటిక్స్ అనే చిన్న కంపెనీ ఉండేది, మొదట్లో దాని పేరు ఓయింగో. పదాల అర్థాల మధ్య సంబంధాలతో ఒక పెద్ద పటం తయారుచేసుకుని, దాని సాయంతో పేజీని అర్థం చేసుకునేది. 'యాడ్‌సెన్స్' అన్న పేరు కూడా దానిదే. ఇక క్లిక్‌కి ఇంత అని వేలం పెట్టే పద్ధతి 1998లో బిల్ గ్రాస్ పెట్టిన గోటు.కామ్‌ది. 2001లో అది ఓవర్చర్‌గా పేరు మార్చుకుంది.

గూగుల్ 2003 మార్చిలో తన సొంత కంటెంట్ యాడ్స్ మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో అప్లైడ్ సెమాంటిక్స్‌ని 10.2 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ కంపెనీ ఖాతాదారుల్లో ఓవర్చర్ కూడా ఒకటి. అంటే ప్రత్యర్థి వాడుకుంటున్న యంత్రాన్నే గూగుల్ కొనుక్కుంది. జూన్ 18న ఎవరైనా సరే దరఖాస్తు చేసుకునేలా యాడ్‌సెన్స్ తెరిచింది. అక్టోబర్‌లో స్ప్రింక్స్‌ని కూడా కొనేసింది. వేలం పద్ధతి మీద ఓవర్చర్‌కి పేటెంట్ ఉంది. గూగుల్ మీద 2002లోనే కేసు వేసింది. 2003లో ఓవర్చర్‌ని యాహూ కొన్నది కాబట్టి ఆ కేసు యాహూ చేతికి వచ్చింది. 2004 ఆగస్టులో, సరిగ్గా గూగుల్ షేర్లు మార్కెట్‌లోకి రాబోతుండగా రాజీ కుదిరింది. గూగుల్ 27 లక్షల షేర్లు ఇచ్చింది, లైసెన్స్ తీసుకుంది. కాపీకి కట్టిన ధర అనుకోండి, ఆ షేర్ల తర్వాతి విలువ చూస్తే చిన్న ధరేమీ కాదు.

ఆ తర్వాత అందరూ గూగుల్‌ని కాపీ కొట్టడం మొదలైంది. 2004 నుంచి 2007 వరకు వచ్చిన ప్రోగ్రాముల్ని పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. అవే సైజులు: 728 బై 90 అడ్డ పట్టీ, 160 బై 600 నిలువు పట్టీ, 300 బై 250 పెట్టె. అవే రంగుల సెట్టింగులు: అంచుకి ఒకటి, శీర్షికకి ఒకటి, వివరణకి ఒకటి, వెనక రంగు, అడ్రస్ రంగు. పేజీలో అతికించే జావాస్క్రిప్ట్ ముక్క కూడా అదే తీరు: పబ్లిషర్ (అంటే సైటు యజమాని) నంబర్ ఒక వరసలో, వెడల్పు ఒక వరసలో, ఎత్తు ఒక వరసలో, చివర సర్వర్ నుంచి ఫైల్ పిలిచే వరస. మూల మీద 'యాడ్స్ బై' అని ఉండి పక్కన కంపెనీ పేరు మాత్రం మారేది. కనీస చెల్లింపు 100 డాలర్ల దగ్గర పెట్టడం కూడా చాలామందికి అలవాటైంది.

ఇవన్నీ కాపీ కొట్టడానికి నలుగురు ప్రోగ్రామర్లు, కొన్ని నెలల టైమ్ చాలు. డబ్బు ఆ పెట్టెలోంచి రాదు. వెనకాల జరిగే వేలంలోంచి వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో సరుకు ఎంత బాగున్నా, ఆ రోజు కొనడానికి ఒక్క వ్యాపారే వస్తే రేటు ఎంత పలుకుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం.

కేరళ టూర్ ప్యాకేజీల మీద మీ పేజీ ఉందనుకుందాం. మొదటి నెట్‌వర్క్‌లో, అంటే యాడ్‌లు తెచ్చి సైట్లకు ఇచ్చే కంపెనీలో, ఆ విషయానికి ముగ్గురు బిడ్ చేశారు (వేలం పాడారు): 20, 18, 15 రూపాయలు. రెండో నెట్‌వర్క్‌లో ఒక్కడే ఉన్నాడు, వాడూ 20 రూపాయలే పెట్టాడు. రెండో ధర పద్ధతిలో, అంటే గెలిచినవాడు తన కింద ఉన్నవాడి ధరకి కొంచెం పైన కడితే చాలు అన్న పద్ధతిలో, మొదటి చోట సుమారు 18 రూపాయలు వసూలవుతుంది. రెండో చోట కింద ఎవరూ లేరు కాబట్టి కనీస ధర, రూపాయి అనుకుందాం, అదే వసూలవుతుంది. ఇప్పుడు మొదటివాడు మీకు 68 శాతం ఇస్తే 12 రూపాయల 24 పైసలు. రెండోవాడు ఉదారంగా 80 శాతం ఇచ్చినా 80 పైసలు. యాడ్ ఇచ్చినవాడు ఇద్దరికీ అదే 20 రూపాయలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడని మర్చిపోకండి. మెయిల్‌లో పెద్ద అక్షరాలతో రాసే ఆ 80 శాతానికి అందుకే విలువ లేదు. దేంట్లో 80 శాతం అని అడగాలి.

2021 చివర్లో యాడ్‌సెన్స్ మొదటి ధర పద్ధతికి మారింది, గెలిచినవాడు తాను పాడింది తానే కట్టాలి. అయినా సూత్రం అదే: పోటీ లేదని తెలిస్తే ఎవడూ ఎక్కువ పాడడు.

శాతాల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. గూగుల్ తన వాటా ఎంతో ఏడేళ్లపాటు బయటపెట్టలేదు. 2010 మేలో చెప్పింది: కంటెంట్ పేజీలకు పబ్లిషర్‌కి 68 శాతం, సైటులో పెట్టుకునే గూగుల్ సెర్చ్ పెట్టెకి 51 శాతం. 2023 నవంబర్‌లో దాన్ని విడగొట్టి చెప్పింది. కొనుగోలు గూగుల్ యాడ్స్ (యాడ్ ఇచ్చేవాళ్లు వాడే గూగుల్ సేవ) ద్వారా అయితే ముందు అటువైపు సగటున 15 శాతం పోతుంది, మిగిలినదాంట్లో పబ్లిషర్‌కి 80 శాతం. వందలో 85, అందులో 80 శాతం అంటే మళ్లీ అదే 68. ఎవరైనా 80 శాతం అంటే అది కొనుగోలుదారు పర్సు దగ్గర కొలిచినదా, మధ్య కమీషన్లు పోయాక కొలిచినదా అని అడగడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండో తేడా యాడ్‌లను పేర్చే వరసలో ఉంది. గూగుల్ 2002 నుంచే సెర్చ్ యాడ్‌లలో బిడ్‌ని, యాడ్ మీద క్లిక్ పడే అవకాశాన్ని కలిపి చూసింది. యాహూ 2007 ఫిబ్రవరి దాకా, పనామా అనే కొత్త వ్యవస్థ వచ్చేదాకా, సెర్చ్‌లో బిడ్ ఎక్కువ పెట్టినవాడినే పైన పెట్టింది. బిడ్ వరసనే పేజీ పక్క పెట్టెలో వాడితే ఏమవుతుందో చూడండి. 40 రూపాయల బిడ్ ఉన్న యాడ్‌ని వెయ్యిమంది చూస్తే ఒక్కడు నొక్కాడు, 40 రూపాయలు. 15 రూపాయల యాడ్‌ని వెయ్యిలో ఆరుగురు నొక్కారు, 90 రూపాయలు. మొదటి యాడ్ పైన కూర్చున్నంత సేపూ ప్రతి వెయ్యికీ 50 రూపాయలు గాలికి పోతున్నట్టే.

మూడోది పేజీని చదవడం. యాడ్‌సెన్స్‌కి విడిగా ఒక క్రాలర్, అంటే పేజీలు తిరిగి చదివే ప్రోగ్రామ్, ఉంది, దాని పేరు మీడియాపార్ట్‌నర్స్-గూగుల్. కొత్త పేజీని ఎవరైనా మొదటిసారి తెరిచినప్పుడు అది వచ్చి చదువుతుంది, అప్పటిదాకా అంత పొంతన లేని యాడ్‌లే కనిపిస్తాయి. పాత రోజుల్లో ఆ ఖాళీలో సేవాసంస్థల ఉచిత ప్రకటనలు వచ్చేవి. కొందరు తెలియక రోబోట్స్ ఫైల్‌లో (ఏ ప్రోగ్రామ్ ఏ పేజీ చదవొచ్చో చెప్పే ఫైల్) ఆ క్రాలర్‌ని ఆపేసి, యాడ్‌లు పేజీకి సంబంధం లేకుండా వస్తున్నాయని బాధపడుతుంటారు. దాన్ని పేరుతో ఆపే వరసలు తీసేయాలి, అంతే. చిన్న నెట్‌వర్కులకు ఇంత వేగంగా పేజీలు చదివే సత్తా ఉండేది కాదు. అందుకే అవి శీర్షికని బట్టో, మీరు ఎంచుకున్న విభాగాన్ని బట్టో యాడ్ వేసేవి. వార్తా సైటుకి ఇది పెద్ద దెబ్బ, వార్తా పేజీకి జనం వచ్చేదే మొదటి కొన్ని గంటలు.

చదవడం వచ్చినంత మాత్రాన అర్థమైనట్టు కాదు లెండి. 2003లో న్యూయార్క్ పోస్ట్ సైటులో, హత్య చేసి శరీరాన్ని ముక్కలు చేసి సూట్‌కేసులో పెట్టిన వార్త పక్కన సూట్‌కేసుల యాడ్ వచ్చింది. ఆ తర్వాతే ఇలాంటి వార్తల దగ్గర యాడ్‌లు ఆపే ఫిల్టర్ల మీద శ్రద్ధ పెరిగింది. ఇవాళ్టికీ మీ క్రైమ్ వార్తల పేజీలో పెట్టెలు ఖాళీగా ఉంటే కోడ్ పాడైందని అనుకోకండి, ముందు ఆ పేజీలో మాటలు చూడండి.

ఇక కాపీ కొట్టినవాళ్లలో ఎవరు ఎక్కడ ఆగారు? యాహూ పబ్లిషర్ నెట్‌వర్క్ 2005 ఆగస్టులో బీటాగా, అంటే పరీక్ష దశలో, మొదలైంది, అమెరికా పబ్లిషర్లకే. యాడ్ ఇచ్చేవాళ్లు యాహూ దగ్గర కొదవ లేదు, గూగుల్‌కి సరైన పోటీ ఇదేనని అందరూ అనుకున్నారు. బీటా దాటి ప్రపంచానికి తెరుచుకోలేదు. 2010 ఏప్రిల్ 30న మూసేసింది. పబ్లిషర్లను చితికా వైపు వెళ్లమంది.

చితికా గురించి కాసేపు ఆగాలి. లైకోస్ అనే సెర్చ్ కంపెనీలో పనిచేసి బయటికొచ్చిన వెంకట్ కొల్లూరి, ఆల్డెన్ డొరొసారియో 2003లో మసాచుసెట్స్‌లో పెట్టిన కంపెనీ ఇది. మన చిటికె వేయడమే ఆ పేరు. 2005లో ఈ-మినీమాల్స్ అని తెచ్చారు. చిన్న పెట్టెలో వస్తువు బొమ్మ, పైన ట్యాబులు: వివరాలు ఒకదాంట్లో, రివ్యూలు ఒకదాంట్లో, ఏ దుకాణంలో ఎంత ధరో మరోదాంట్లో. కెమెరాలు, ఫోన్లు రివ్యూ చేసే సైట్లకు అది అతికినట్టు సరిపోయింది. పైగా అప్పట్లో యాడ్‌సెన్స్ నిబంధన ఏమిటంటే, అదే పేజీలో వేరేవాళ్ల సందర్భోచిత యాడ్‌లు, అంటే పేజీని చదివి దానికి తగ్గట్టు వేసేవి, ఉండకూడదు. చితికా దానికో దారి చూపించింది: పేజీని యంత్రం చదవదు, ఏ వస్తువు చూపించాలో కీవర్డ్ మీరే రాయండి. అప్పుడది సందర్భోచితం లెక్కలోకి రాదు, యాడ్‌సెన్స్ పక్కనే పెట్టుకోవచ్చు. తెలివైన ఎత్తు. పెట్టెని కాపీ కొట్టకుండా ప్రత్యర్థి నిబంధనని చదివి అందులో ఖాళీ వెతికారు.

2007 జనవరిలో గూగుల్ ఆ నిబంధన మార్చింది. వేరే యాడ్‌లు ఉండొచ్చు, కానీ గూగుల్ యాడ్‌లతో పొరబడేలా అదే అమరిక, అవే రంగులు ఉండకూడదు. మూడున్నరేళ్లుగా అందరూ తన పెట్టెనే కాపీ కొట్టాక, ఆ కాపీయే ఇక తప్పైపోయింది. మీలో రెండు నెట్‌వర్కులు వాడేవాళ్లు ఇప్పటికీ రంగులు, అంచులు వేరుగా పెట్టుకోవడం మంచిది.

తర్వాత చితికా సెర్చ్ ఇంజిన్ నుంచి వచ్చే పాఠకుల మీద దృష్టి పెట్టింది. పాఠకుడు ఏ మాట వెతికి వచ్చాడో రెఫరర్ అడ్రస్‌లో, అంటే ఏ పేజీ నుంచి వచ్చాడో చెప్పే అడ్రస్‌లో, కనపడేది, ఆ మాటకే యాడ్ వేసేవాళ్లు. పేజీలో ఏముందన్నదానికన్నా మనిషికి ఏం కావాలన్నది యాడ్‌కి పనికొస్తుంది కాబట్టి ఆలోచన గట్టిదే. అయితే ఆ మాటని అందించేది గూగుల్. 2011 అక్టోబర్‌లో లాగిన్ అయినవాళ్ల వెతుకులాటల్ని గూగుల్ ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టింది, 2013కల్లా దాదాపు అందరివీ. రెఫరర్‌లో మాట రావడం ఆగిపోయింది. ముడిసరుకు ప్రత్యర్థి గోదాంలో ఉన్నంతకాలం ఇలాంటి వ్యాపారం వాడి దయ మీదే. చితికా 2019లో మూతపడింది.

నిలబడినవాళ్లూ ఉన్నారు. మీడియా.నెట్ సంగతి చూడండి, దివ్యాంక్ తురఖియా కంపెనీ. యాహూ, బింగ్ దగ్గరున్న సెర్చ్ యాడ్‌లను తెచ్చి పబ్లిషర్లకు ఇచ్చింది, అంటే వేలంలో కావలసిన జనాన్ని సొంతంగా పోగుచేసుకునే పని తప్పింది. అమరిక కూడా వేరు. మొదట పెట్టెలో కీవర్డులు మాత్రం కనిపిస్తాయి. ఒకటి నొక్కితే యాడ్‌ల పేజీ తెరుచుకుంటుంది, అక్కడ నొక్కితేనే డబ్బు. క్లిక్‌లు తక్కువ పడతాయి, పడిన క్లిక్‌కి రేటు ఎక్కువ, ఎందుకంటే రెండుసార్లు నొక్కినవాడు నిజంగా ఏదో కొనాలనుకున్నవాడు. 2016లో దాన్ని ఒక చైనా బృందం సుమారు 90 కోట్ల డాలర్లకు కొన్నది. కొంటెరా, వైబ్రెంట్ లాంటివి పెట్టె జోలికే పోకుండా వ్యాసంలో మాటల కింద రెండు గీతలు గీసి యాడ్ వేశాయి. డబ్బు వచ్చింది, పాఠకుడు విసుక్కున్నాడు. ఏది లింకో ఏది యాడో తెలియని పేజీని నేనైతే ఎవరికీ చెప్పను.

కాపీ కొట్టడం ఒకవైపే జరిగిందనుకోకండి. యాడ్‌బ్రైట్ 'మీ యాడ్ ఇక్కడ' అనే లింక్ పెట్టి సైటు మీదే నేరుగా యాడ్ అమ్మేది. 2005 నవంబర్‌లో గూగుల్ కూడా సైటు నుంచే నేరుగా యాడ్ ఇచ్చేవాళ్లను చేర్చుకునే లింక్ తెచ్చింది. క్విగో అనే కంపెనీ తమ యాడ్ ఏ సైటులో వస్తుందో యాడ్ ఇచ్చేవాళ్లకు చూపించి, ఎంచుకోనిచ్చింది. గూగుల్ 2005 ఏప్రిల్‌లో సైటు ఎంచుకునే పద్ధతి, ఆ ఏడాది నవంబర్‌లో సెర్చ్‌కీ కంటెంట్‌కీ వేరు బిడ్‌లు, 2007లో ఏ సైటులో ఎన్ని క్లిక్‌లో చెప్పే రిపోర్టులు తెచ్చింది. క్విగోని ఏఓఎల్ 2007లో కొనేసింది. యాడ్‌బ్రైట్ 2013 ఫిబ్రవరి 1న ఆగిపోయింది.

పెద్ద సైట్ల దగ్గర పోటీ ఒప్పంద పత్రాల్లో కూడా నడిచింది. సెర్చ్ పెట్టెలకు ఇచ్చే యాడ్‌సెన్స్‌లో 2006 నుంచి ప్రత్యర్థుల యాడ్‌లు పెట్టకూడదన్న షరతు, 2009 నుంచి మంచి చోట్లు తమకే ఉంచాలన్న షరతు ఉన్నాయంటూ యూరోపియన్ కమిషన్ 2019 మార్చిలో 149 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024 సెప్టెంబర్‌లో యూరోపియన్ జనరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఇక మీకు పనికొచ్చే భాగం. కొత్త నెట్‌వర్క్‌ని పరీక్షించడం ఎలా? ఈ వారం పాతది, వచ్చే వారం కొత్తది పెట్టి పోల్చకండి. పండగ వారానికీ మామూలు వారానికీ రేట్లే వేరు. ఒకే చోట, ఒకే సైజు పెట్టెలో, పేజీ తెరుచుకున్నప్పుడు సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్యని యాదృచ్ఛికంగా తీసి, అర కన్నా తక్కువైతే పాతది, ఎక్కువైతే కొత్తది చూపించండి. కనీసం రెండు పూర్తి వారాలు నడపండి. క్లిక్ రేటు చూసి మురిసిపోవద్దు, వెయ్యి పేజీలకు చేతికి ఎంత వచ్చిందో చూడండి.

ఊహించిన లెక్కే చెప్తున్నాను. చెరో 10,000 పేజీలు. పాతది 98 శాతం పేజీల్లో యాడ్ చూపించింది, వందకి 0.8 క్లిక్, క్లిక్‌కి 3 రూపాయలు: 78 క్లిక్‌లు, 234 రూపాయలు. కొత్తది వందకి 1.1 క్లిక్, క్లిక్‌కి నాలుగున్నర రూపాయలు. రిపోర్టు చూస్తే రెండు అంకెల్లోనూ కొత్తదే గొప్ప. కానీ 55 శాతం పేజీల్లోనే యాడ్ చూపించింది: 60 క్లిక్‌లు, 270 రూపాయలు. నెల చివర చెల్లని క్లిక్‌లంటూ 20 శాతం కోసేసింది, 216 రూపాయలు. ఓడిపోయింది. ఇక్కడే ఆగిపోతే కూడా పొరపాటే. కొత్తదాని దగ్గర యాడ్ లేని 45 శాతం పేజీల్లో పాతదాన్ని వెనక్కి పిలిచే పాస్‌బ్యాక్ పెడితే ఇంకో 35 క్లిక్‌లు, 105 రూపాయలు, మొత్తం 321. అంత రాదు, ఎందుకంటే కొత్తవాడు వద్దన్నవి తక్కువ రేటు దేశాల నుంచి వచ్చిన చూపులై ఉంటాయి, రెండో పిలుపు ఆలస్యంలో కొందరు పేజీ దాటిపోతారు. సగం వచ్చినా 268, పాతదాన్ని దాటినట్టే. అందుకే చెల్లింపు అందాకే తీర్పు చెప్పండి, డాష్‌బోర్డు చూసి చెప్పకండి.

యాడ్స్.టీఎక్స్‌టీ ఫైల్ దగ్గర జరిగే తప్పు ఒకటి తరచూ కనిపిస్తుంది. 2017 నుంచి వచ్చిన పద్ధతి ఇది: మీ సైటు యాడ్‌లు అమ్మే హక్కు ఎవరికుందో డొమైన్ మూలంలో ఒక ఫైల్ పెడతారు. ఒక్కో వరసలో నెట్‌వర్క్ డొమైన్, మీ పబ్లిషర్ నంబర్, నేరుగానా లేక మారు అమ్మకందారా అన్న మాట, తర్వాత గుర్తింపు సంఖ్య. కొత్త నెట్‌వర్క్ రెండొందల వరసలు పంపి "ఇది పెట్టండి" అంటుంది. పాత ఫైల్ మీద దాన్ని అతికించేస్తారు, గూగుల్ వరస ఎగిరిపోతుంది, కొన్ని రోజుల్లో పాత ఆదాయం పడిపోతుంది. కొత్త వరసలు కింద కలపాలి, పాతవి తీయకూడదు.

(ప్రశ్న: మా తెలుగు సైటుకి ఇంగ్లిష్ సైటులో పదో వంతు కూడా రావడం లేదు. వేరే నెట్‌వర్క్‌కి మారితే పెరుగుతుందా?)

మారే ముందు కారణం చూద్దాం. యాడ్‌సెన్స్ హిందీకి 2014లో వచ్చింది, తెలుగుకి 2018లో. అంతకుముందు తెలుగు సైట్లవాళ్లు ఇంగ్లిష్ పేజీలు కలిపి ఖాతా తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఖాతా సమస్య లేదు, వేలంలో జనం సమస్య ఉంది. తెలుగు పేజీని లక్ష్యంగా పెట్టుకుని బిడ్ చేసేవాళ్లు తక్కువ. పైగా మన భాషలో ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇళ్ల అని రూపం మారుతూ ఉంటుంది. ఇవన్నీ ఒకే విషయమని యంత్రం పట్టుకోవాలి. రష్యన్ పద రూపాలు బాగా తెలిసిన యాండెక్స్ అనే సెర్చ్ కంపెనీ రష్యాలో గూగుల్‌కి గట్టి పోటీగా నిలిచింది. తెలుగుకి అలాంటి సొంత నెట్‌వర్క్ లేదు. మీకు మెయిల్ పంపే కొత్త కంపెనీల్లో చాలావరకు తమ సొంత వేలంలో జనం లేక మళ్లీ గూగుల్ ఎక్స్చేంజ్ (యాడ్‌లు అమ్మే, కొనే సంత) నుంచే యాడ్ తెచ్చి మధ్యలో కమీషన్ తీసుకునేవే. వాళ్లు పంపిన యాడ్స్.టీఎక్స్‌టీ వరసల్లో గూగుల్ డొమైన్ పక్కన 'రీసెల్లర్' అని ఉందేమో చూడండి. ఉంటే, మీరు నేరుగా అమ్ముతున్న సరుకునే ఇంకొకరి చేతి మీదుగా అదే దుకాణానికి పంపబోతున్నారని అర్థం. లేకపోతే పేజీల్లో నాలుగో వంతు వాళ్లకిచ్చి, నేను చెప్పినట్టు రెండు వారాలు నడిపి చూడండి. అమెరికా, గల్ఫ్ నుంచి వచ్చే పాఠకుల లెక్క మాత్రం ఇండియా లెక్కతో కలపకుండా విడిగా తీయండి. చాలా తెలుగు సైట్లలో చూపులు ఇక్కడివే ఎక్కువ, డబ్బులో పెద్ద వాటా అక్కడిది.